ఎడమ అడుగు చప్పుడు

నొప్పి మొదట్లో బొటనవేలి ముద్రంత చోటే ఉండేది. ఎడమ కాలి ముందెముక మీద, చీలమండకు జానెడు పైన. పరుగయ్యాక వచ్చేది, వేడినీళ్ళు పోసుకుంటే పోయేది. పిచిక దాన్ని లెక్కచేయలేదు. ఇరవై ఏళ్ళుగా పరిగెత్తే మనిషి ఒంట్లో ఏదో ఒక నొప్పి చుట్టంలా వచ్చి, నాలుగు రోజులుండి పోవడం మామూలే. ఇది పోయే చుట్టం కాదని తెలియడానికి ఆమెకు మూడు వారాలు పట్టింది.

పిచిక అసలు పేరు కాదు. చిన్నప్పుడు ఆ పుల్లల్లాంటి కాళ్ళు చూసి అన్న పెట్టిన పేరు. నలభై దాటినా అదే నిలిచిపోయింది. ఆమె పనిచేసేది ఒక పెద్ద ఆస్పత్రి నేలమాళిగలో, బట్టలుతికే విభాగంలో. ఉతికి పిండిన దుప్పట్లను రెండు కొసలూ పట్టుకుని, ముడత పడకుండా వేడి రోలర్ల మధ్యకు అందించడం ఆమె పని. అవతలి వైపు నుంచి దుప్పటి పొడిగా, అప్పడంలా బయటికొస్తుంది. రోజుకు నాలుగు వందల దుప్పట్లు. కిటికీ లేని గది, కాళ్ళ కింద సిమెంటు నేల, ఎనిమిది గంటల నిలువుకాళ్ళ కొలువు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "చూపులకొచ్చినవాళ్ళు నన్ను అందుకోలేకపోయారు" అని నవ్వేసేది.

ఉండేది అన్నావదినలతో, మూడో అంతస్తులో, రెండు గదుల ఇంట్లో. అన్నది లారీ బతుకు. పది రోజులు రోడ్డు మీద, రెండు రోజులు ఇంట్లో. వదినకు ముప్పై ఆరో ఏట చూపు మసకబారడం మొదలైంది. నలభై వచ్చేసరికి వెలుగుకూ చీకటికీ తేడా తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఆ తర్వాత మూడేళ్ళు ఆమె వంటింటి గుమ్మం పక్కన ఒక కుర్చీలో కూర్చుండిపోయింది. లేస్తే గోడ, నాలుగడుగులేస్తే ఇంకో గోడ. ఒకరోజు పొద్దున్న పిచిక పరుగు నుంచి వచ్చి చెమట తుడుచుకుంటుంటే, "ఇవాళ ఎంత దూరం వెళ్ళావే?" అని రోజూలాగే అడిగింది.

పిచికకు విసుగొచ్చింది. "వచ్చి చూడరాదూ!" అనేసింది.

అన్నాక నాలుక కరుచుకుంది. వదిన మాత్రం మెల్లగా లేచి నిలబడి, "నా బూట్లెక్కడున్నాయి?" అంది.

అలా మొదలైంది. మొదటిరోజు వీధి చివరి దాకా నడక. తర్వాత మూరెడు తాడు ఒకటి తీసుకుని రెండు కొసలా ముళ్ళేశారు. ఒక కొస వదిన ఎడమచేతిలో, ఇంకోటి పిచిక కుడిచేతిలో. "గతుకు", "ఎత్తు", "మలుపు", "కుక్క ఉంది కానీ మంచిదే" అని పిచిక చెబుతుంటే వదిన పరిగెత్తేది. నాలుగేళ్ళలో వదిన మనిషే మారిపోయింది. ఒక ఆఫీసులో ఫోన్లు కలిపే ఉద్యోగం తెచ్చుకుంది, బస్సెక్కి ఒంటరిగా వెళ్ళొస్తోంది. ఈ ఏడాది పూర్తి మారథానుకు, నలభై రెండు కిలోమీటర్లకు పేరిచ్చింది. ఆఫీసులో అందరికీ చెప్పేసింది. వాళ్ళు గోడ మీద ఆమె ఫొటో అంటించి కింద పందెం తేదీ కూడా రాశారు.

ఆ తేదీకి ఇంకా ఐదు వారాలున్నాయనగా, నొప్పి పడుకున్నా వదలడం మానేసింది.

పిచిక అదే ఆస్పత్రి రెండో అంతస్తులో ఉన్న ఎముకల డాక్టరు దగ్గరికి ఎవరికీ చెప్పకుండా వెళ్ళింది. ఆయన కాలి మీద వేలితో నొక్కుకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు. ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"లేచి ఆ కాలి మీద ఒక్కసారి గెంతండి."

ఆమె గెంతలేకపోయింది.

"ఎక్స్‌రేలో ఇంకా సరిగ్గా కనబడటం లేదు గానీ, నా వేలికి తెలుస్తోంది. ఎముక అలసిపోయింది. వెంట్రుకవాసి పగులు మొదలైంది. ఆరు వారాలు పరుగు మాటెత్తకండి. వీలైతే నిలబడే పని కూడా తగ్గించుకోండి."

"పందెం ఐదు వారాల్లో ఉందండీ."

"ఆ సంగతి ఎముకకు తెలీదు కదమ్మా," అన్నాడాయన. చీటీ మీద పెద్దక్షరాలతో 'విశ్రాంతి' అని రాసి, దాని కింద రెండు గీతలు గీశాడు.

ఆ చీటీ మడిచి జాకెట్ జేబులో పెట్టుకుని ఇంటికొచ్చింది. మెట్లెక్కుతున్నంతసేపూ చెప్పాల్సిన మాటలు కూర్చుకుంది. తలుపు తీసేసరికి వదిన నేలమీద కూర్చుని, పాత గుడ్డతో ఇద్దరి బూట్లకీ అంటిన మట్టి తుడుస్తోంది.

"వచ్చావా? ఆదివారం ముప్పై రెండు కిలోమీటర్లు కదా. ఆ పెద్ద వంతెన మీదుగా పోదామే. గాలి బాగా కొడుతుంది, పై నుంచి వెళ్తున్నట్టు ఉంటుంది నాకు."

"సరే వదినా," అంది పిచిక.

అంతే. ఇంకో మాట పెగల్లేదు. ఈ మనిషిని కుర్చీలోంచి లేపింది తానే. ఇప్పుడు మళ్ళీ కూర్చోమనడం ఎలా? తాళం వేసిన గదికి తలుపు ఒక్కటే ఉంటే, ఆ తలుపుకు నొప్పెడుతోందని ఎవరితో చెప్పుకుంటుంది? అడకత్తెరలో పోకచెక్కయింది ఆమె పరిస్థితి. పరిగెత్తితే కాలు పోతుంది, మానేస్తే వదిన పోతుంది. చీటీ పరుపు కిందికి చేరింది.

ఆ వారమంతా పంటి బిగువున గడిపింది. పొద్దున్నే ఒక మాత్ర, మధ్యాహ్నం ఇంకోటి. పని దగ్గర బరువంతా కుడికాలి మీద వేసి, కొంగలా నిలబడి దుప్పట్లు అందించింది. అవతలి వైపు మడతలు పెట్టే ఆమె, "ఏమైందే, తపస్సు చేస్తున్నావా?" అని ఎగతాళి చేసింది. "కాలు మొద్దుబారింది" అని తప్పించుకుంది. సూపర్‌వైజరు వచ్చి, "కాలికి ఏమైనా అయిందా? సెలవు రాయమంటావా?" అంటే, తల అడ్డంగా ఊపింది. సెలవు పెడితే ఇంట్లో తెలుస్తుంది. పనిలో నిజం చెబితే ఇంట్లో, ఇంట్లో చెబితే ఆఫీసు గోడ మీది ఫొటోకి, ఇలా ఒకచోట దారం లాగితే అంతా ఊడివచ్చేలా ఉంది.

ఆదివారం తెల్లవారాక బయల్దేరారు. మొదటి పది కిలోమీటర్లు మాత్ర కాపాడింది. పదిహేను దగ్గర మాత్ర చేతులెత్తేసింది. ఎడమకాలు నేల తాకిన ప్రతిసారీ ఎవరో ఉలిపెట్టి కొట్టినట్టుంది. వదిన మాత్రం మంచి ఊపులో ఉంది. పిచిక లోపల్లోపల లెక్కపెట్టుకుంటూ పోయింది, ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా, మళ్ళీ ఇంకో స్తంభం దాకా.

పెద్ద వంతెన మూడు కిలోమీటర్ల పొడవు. ఒక పక్క పిట్టగోడ, కింద ఎక్కడో రైలు పట్టాలు. ఇంకో పక్క ఆగకుండా పోయే వాహనాలు. నడిచేవాళ్ళకు మనిషిన్నర వెడల్పు దారి. ఎక్కాక దిగాలంటే చివరి దాకా పోవాల్సిందే, మధ్యలో మెట్టన్నది లేదు. సరిగ్గా మధ్యలో ఉండగా పిచిక కాల్లో పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైంది. మరుక్షణం ఆమె నేలమీద ఉంది. తాడు లాగడంతో వదిన కూడా తూలి, పిట్టగోడను గుద్దుకుని మోకాళ్ళ మీద పడింది.

"గతుకు చెప్పలేదేమే?" అంది వదిన, మోచేయి రుద్దుకుంటూ.

"గతుకు కాదు వదినా. నా కాలు."

వదిన తడుముకుంటూ వచ్చి ఆ కాలిని పట్టుకుంది. చెయ్యి ఒకచోట తగలగానే పిచిక కేక పెట్టింది. వదిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఫోన్ చేశారు. అంబులెన్సు వాళ్ళు స్తంభం నంబరు అడిగారు. పిచిక తనకు కనబడుతున్నది చెప్పింది. ఆస్పత్రి వైపు రోడ్డు మీద ఏదో అడ్డం పడి వాహనాలు ఆగాయనీ, నలభై నిమిషాలైనా పడుతుందనీ చెప్పారు. పక్కన బళ్ళు పోతూనే ఉన్నాయి. ఒకడు అద్దం దించి చూసి, మళ్ళీ ఎత్తుకుని పోయాడు. అక్కడ ఆగడానికి వీల్లేదని ప్రతి వంద గజాలకూ బోర్డుంది మరి.

"నా వీపెక్కు. గుడ్డిది కుంటిదాన్ని మోసిన కథ చిన్నప్పుడు నీకెవరూ చెప్పలేదా?" అంది వదిన.

నిజంగానే వంగి ఎక్కించుకుంది. నాలుగడుగులు బాగానే పడ్డాయి. ఐదో అడుగుకు "కుడికి, కుడికి!" అని పిచిక అరుస్తుండగానే ఇద్దరూ పిట్టగోడకు రాసుకుంటూ కూలబడ్డారు. పిచికకు నొప్పితో కళ్ళు బైర్లు కమ్మాయి. వదిన నవ్వడం మొదలుపెట్టింది. పిచిక కూడా నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో ఇద్దరికీ తెలియలేదు.

"ఎప్పటినుంచి?" అంది వదిన.

"మొన్నటి నుంచే."

"అబద్ధం చెప్పకు. మూడు వారాలైంది."

పిచిక ఉలిక్కిపడి చూసింది. వదిన రోడ్డు వైపు మొహం పెట్టుకుని ఉంది.

"నాకు కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు. మూడు వారాలుగా నీ ఎడమ అడుగు సగం చప్పుడే చేస్తోంది. కుడిది ధప్పుమంటోంది, ఎడమది దొంగలా పడుతోంది. పోయిన ఆదివారం ఇంకా ఘోరం."

"విన్నావా?"

"విన్నాను."

"విని?"

"విని పరిగెత్తాను," అంది వదిన. "అడిగితే చెబుతావని భయం. చెబితే ఆగిపోవాలి. నువ్వు నోరు విప్పేదాకా నేనూ విప్పకూడదనుకున్నాను. పందెం అయ్యాక అడుగుదాంలే అనుకున్నాను."

పిచికకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ ఎవరి కోసం దాచిందో ఆ మనిషికి తెలిసే ఉంది. చేతికున్న తాడు లాగి పారేసింది. "నాలుగేళ్ళు! నాలుగేళ్ళుగా నీ అడుగులో అడుగేసి పరిగెత్తాను. నా పరుగంటూ ఒకటుందని నీకెప్పుడైనా గుర్తుందా? వారానికి ఒక్కరోజైనా నా కాళ్ళకు నచ్చినట్టు పోనిచ్చావా?"

"నేనేమైనా కట్టేసుకున్నానా నిన్ను?"

"కట్టేసుకున్నావు. చేతికి!"

ఆ మాటకు వదిన దెబ్బ తిన్నట్టు తల వంచుకుంది. పిచిక ఆ మాట వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాలనిపించలేదు కూడా. మూడు కిలోమీటర్ల వంతెన మధ్యలో, పిట్టగోడకూ బళ్ళకూ నడుమ, ఒకరి ముఖం ఒకరు తప్పించుకోవడానికి చోటు లేని దగ్గర ఆ ఇద్దరూ మిగతా అరగంటా కూర్చున్నారు. గాలి మాత్రం వదిన చెప్పినట్టే బాగా కొట్టింది.

తొడ దాకా కట్టు వేశారు. వెంట్రుకవాసి పగులు దగ్గర ఎముక పూర్తిగా విరిగింది. ఎముకల డాక్టరు తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది పిచికకు. ఆయన చీటీ మీద ఈసారి 'విశ్రాంతి' అని రాయనే లేదు, "కట్టే చెబుతుంది" అన్నాడు. మూడో అంతస్తుకు లిఫ్టు లేదు. అన్న లారీ ఆపి వచ్చి, చెల్లెల్ని బస్తాలా భుజాన వేసుకుని మెట్లెక్కించాడు. "పిచికవి అనుకున్నాను, గద్దంత బరువున్నావే," అన్నాడు ఆయాసపడుతూ. రెండో రోజు మళ్ళీ రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు.

పిచికకు ఇప్పుడు తెలిసింది ఇంట్లో ఎన్ని చప్పుళ్ళుంటాయో. పక్కింటి కుళాయి, పై ఇంట్లో కుర్చీ జరిపే గీర, మెట్ల మీద ఎవరెవరి అడుగులు ఎలా ఉంటాయో. మంచం నుంచి స్నానాలగదికి పదకొండు గెంతులు. కట్టు లోపల దురద పుడితే స్వెటరల్లే సూది దూర్చి గోక్కునేది. వదిన పొద్దున్నే వండి, పళ్ళెం మంచం పక్కన పెట్టి, ఆఫీసుకు పోయేది. సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చునేది. పరుగు మాట ఎత్తేది కాదు. ఇద్దరూ ఉప్పు, కారం, నీళ్ళు, మందులు, వీటి గురించి మాట్లాడుకునేవాళ్ళు. వంతెన మీది మాటలు ఆ రెండు గదుల్లో మూడో మనిషిలా తిరుగుతున్నాయి. దాన్ని తప్పించుకుని నడవడం ఇద్దరికీ అలవాటైంది.

వదిన బూట్లు మంచం కిందకు చేరాయి. అది చూస్తుంటే పిచికకు ఊపిరాడేది కాదు. నువ్వు పరిగెత్తకపోతే నేనూ పరిగెత్తను అని వదిన నోటితో అనలేదు. అంటే తిట్టైనా తిట్టొచ్చు. కాలు విరిగాక కూడా తాను ఆ తాడు కొసనే ఉన్నట్టనిపించింది.

పది రోజులయ్యాక పిచిక ఊళ్ళోని పరుగు సంఘానికి ఫోన్ చేసి, వదినకు తోడు పరిగెత్తేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగింది. ఒక లెక్కల మాస్టారు ఉన్నాడనీ, వదిన వేగమే ఆయన వేగమనీ, చెయ్యి పట్టి నడిపించడం నేర్చుకుంటాడనీ చెప్పారు. సాయంత్రం వదినకు ఆ మాట చెప్పింది.

"నన్ను అద్దెకిస్తున్నావా?" అంది వదిన.

"కాదు. నన్ను వదిలించుకుంటున్నాను."

వదిన ముఖం ఎర్రబడింది. మర్నాడు పొద్దున్న మంచం కింద చెయ్యి పెట్టి బూట్లు లాగింది.

లెక్కల మాస్టారు సన్నగా, పొడుగ్గా, ఆగకుండా మాట్లాడే మనిషి. మొదటిరోజు వాళ్ళిద్దరూ వీధిలో బయల్దేరుతుంటే పిచిక కుర్చీలో కిటికీ దగ్గర కూర్చుని చూసింది. ఆయన కుడివైపుకు వెళ్ళి నిలబడ్డాడు. పిచిక తల బయటపెట్టి, "మాస్టారూ! ఎడమవైపు! ఆవిడకి ఎడమవైపుండాలి!" అని అరిచింది. వీధంతా తలెత్తి చూసింది. మాస్టారు గబగబా అటు మారాడు. "మెట్టుకు ముందు మూడడుగుల దూరంలోనే చెప్పాలి!" అని మళ్ళీ అరిచింది. వదిన పైకి మొహమెత్తి, "ఇంక కిటికీ మూసుకోవే!" అంది. వాళ్ళు మలుపు తిరిగిపోయారు. నాలుగేళ్ళుగా కోరుకున్నదే అయింది. చేతికి తాడు లేదు. అయినా పిచిక ఆ ఖాళీ మలుపు వైపే చాలాసేపు చూసింది. కిటికీ మూసుకుంది.

పందెం రోజు అన్న ఊళ్ళోనే ఉన్నాడు. పందెం చోటికి వెళ్ళి, చివరి గీత దగ్గర నిలబడి, ప్రతి అరగంటకూ చెల్లెలికి ఫోన్ చేశాడు. "ఇంకా రాలేదు" అనే ఒక్క కబురునే పదిసార్లు చెప్పాడు. చివరికి పదకొండోసారి ఏమీ చెప్పకుండా ఫోన్లో ఏడ్చాడు. దాంతో తెలిసింది.

ఐదు గంటల పదకొండు నిమిషాలు. మధ్యాహ్నం వదిన ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ పైకొచ్చి, పిచిక మంచం అంచున కూర్చుంది. ఉప్పు మరకలతో ముఖం తెల్లగా ఉంది.

"ఎలా జరిగింది?" అంది పిచిక.

"ముప్పై దాకా బాగుంది. ఆ తర్వాత మాస్టారికి పిక్కలు పట్టేశాయి. అడుగు మారింది, విన్నాను. ఆగుదామా మాస్టారూ అని అడిగాను. వద్దన్నాడు. నేనే ఆపాను. రెండు కిలోమీటర్లు నడిచాం." వదిన ఆగింది. "ఆయన్ని అడిగానే. పరాయి మనిషిని అడిగాను. నిన్ను అడగలేదు."

పరవాలేదులే అనడం తేలిక, కానీ అది నిజం కాదు. వదిన మెడలోంచి పతకం తీసి పిచిక చేతిలో పెట్టబోయింది.

"వద్దు. నువ్వు పరిగెత్తావు, నువ్వే ఉంచుకో," అంది పిచిక. పతకాన్ని వెనక్కి తోసి, "నేనూ చెప్పలేదుగా నీకు," అంది.

వదిన తలూపింది. కూర్చున్నచోటే పక్కకు ఒరిగి, బూట్లు కూడా విప్పకుండా నిద్రపోయింది. పిచిక వంగి అందినంతవరకు లేసులు విప్పింది.

కట్టు తీసే రోజు ఇంకో మూడు వారాలకు వచ్చింది. అన్న లేడు. కింద ఇంటి పెద్దాయన సాయంతో మెట్ల మీద కూర్చుని జారుకుంటూ దిగింది. డాక్టరు కొత్త ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. సాయంత్రం వదిన ఆఫీసు నుంచి వచ్చి, సంచి దించకుండానే అడిగింది.

"ఏమన్నాడు?"

బాగానే ఉందట అనే మాట పిచిక నాలుక చివరి దాకా వచ్చింది. ఇన్నేళ్ళ అలవాటు మరి.

"సగమే అతికిందట. ఇంకో రెండు నెలలు చంకకర్రలు. పనిలో కూర్చుని చిరుగులు కుట్టుకోవచ్చన్నాడు. మళ్ళీ పరిగెత్తగలనో లేదో ఏడాది దాకా చెప్పలేనన్నాడు."

వదిన గోడ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"భయంగా ఉందా?"

"ఉంది."

కింద నుంచి లెక్కల మాస్టారు ఈల వేశాడు. ఆ రోజు వాళ్ళిద్దరి సాయంత్రపు పరుగు. వదిన లేచి కిటికీ తెరవబోయింది. "రానని చెబుతానుండు."

"వెళ్ళు వదినా. నువ్వుంటే నాకు సరిగ్గా ఏడవడానికి వీలుండదు."

వదిన చేత్తో పిచిక తల తడిమి, బూట్లేసుకుని, తలుపు దగ్గరికి లాగి వెళ్ళిపోయింది.

పిచిక తనివితీరా ఏడ్చింది. పక్కింటివాళ్ళు వింటారని కూడా చూడలేదు. ఏడుపయ్యాక ఆకలేసింది. చంకకర్రలు అందుకుని, పడకుండా లేచి, వంటింట్లో ఏముందో చూసుకోవడానికి బయల్దేరింది.